అరఠావు మీద తకిట తకధిమి

సీసపు అక్షరాలతో అచ్చేసే రోజుల్లో విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఒకపక్క కవిత్వం రాసుకుంటూ, మరోపక్క పన్నెండు నించి పదహారేళ్ల పిల్లలకి నవలలు రాసిన మనిషి ఇల్లు గుర్తుచేసుకుంటే ముందు కళ్లకి కట్టేది పుస్తకాల బీరువా కాదు, కాగితాల కట్ట. దస్తా అంటే 24 ఠావులు, ఠావు అంటే కొయ్యని పెద్ద కాగితం. కొట్టులో చుట్టగా చుట్టి, పురికొస కట్టి ఇచ్చేవారు. ఇంటికి తెచ్చి ఒక రాత్రంతా బరువు కింద పెడితేగాని ఆ చుట్ట వదిలేది కాదు. ఠావుని మధ్యకి మడిచి కత్తితో కోస్తే రెండు అరఠావులు. ఎడం పక్క అంగుళం మేర మడత పెట్టి విప్పితే అదే మార్జిను. గీత గియ్యనక్కర్లేదు, మడత జాడ చాలు.

ఒక వైపే రాయాలి. ఈ నియమం పత్రికలవాళ్ల పెంకితనం అనుకునేవాళ్లు చాలామంది. కాదు. ప్రెస్సులో ఒకే కథని అక్షరాలు కూర్చే ఇద్దరు ముగ్గురు కంపోజిటర్లకి పంచేవారు. రెండు వైపులా రాస్తే ఒకడి చేతిలో కాగితం ఉండగా రెండోవాడు ఖాళీగా కూర్చోవాలి. పైగా ఇంకు అవతలికి దిగి అక్షరాలు కలిసిపోతాయి. కాబట్టి ఒక వైపే, వరసకీ వరసకీ మధ్య కాస్త సందు, ప్రతి కాగితానికీ పై మూల అంకె, అంకె పక్కన నవల పేరులో మొదటి అక్షరం. ఆ అక్షరం లేకపోతే రెండు రాతప్రతులు కలిసిపోయినప్పుడు ఎవరి పన్నెండో కాగితం ఎవరిదో తెలీదు.

అరఠావు మీద మామూలు చేతిరాతతో పాతిక వరసలు పడతాయి, వరసకి ఏడు మాటలు. అంటే కాగితానికి 175 మాటల చొప్పున. క్రౌను 1/8 అనే చిన్న సైజు పుస్తకంలో పేజీకి కూడా ఇంచుమించు అంతే. అందుకని అప్పటి రచయిత లెక్క సులువు: ఒక అరఠావు ఒక అచ్చు పేజీ. 16 పేజీలు ఒక ఫారం. పిల్లల నవలకి ఆరు ఫారాలు, 96 పేజీలు. పన్నెండు అధ్యాయాలు, అధ్యాయానికి ఎనిమిది కాగితాలు. చిత్తు ప్రతి ఎప్పుడూ ఒకటిన్నర రెట్లు వస్తుంది, అంటే 150 కాగితాలు. అందులో మూడోవంతు కొట్టేసి, శుభ్రంగా తిరగరాసే సాపు ప్రతి కింద నకలు కోసం కార్బను కాగితం పెట్టి ఇంకో రెండువందల కాగితాలు. మొత్తం ఏడెనిమిది దస్తాలు. నెల జీతంలోంచి కాగితం ఖర్చు తీసిపెట్టుకోవాల్సి వచ్చేదంటే ఇదీ కారణం.

చిత్తు ప్రతికి ఇంకు పెన్ను, సాపు ప్రతికి బాల్‌పెన్ను. ఇంకు పెన్ను పాళీ నొక్కితే కార్బను మీద ముద్ర పడదు, గట్టిగా నొక్కితే పాళీ చీలుతుంది. కార్బను కింద మొదటి కాపీ శుభ్రంగా వస్తుంది, రెండోది చదవొచ్చు, మూడోది దేవుడికి తెలియాలి. అడుగున రేకుగాని అట్టగాని పెట్టకపోతే మొదటి కాపీ కూడా మసకే.

ఇంత చాకిరీలో కవిత్వం ఎక్కడుందీ అంటారేమో. లెక్కలోనే ఉంది.

విజయనగరంలో కలం పట్టిన ఎవరికైనా ముందు చెవిలో పడేది గురజాడ నడక. 1910లో ఆయన తెచ్చిన ముత్యాలసరం అనే ఛందస్సు చూడ్డానికి సులువు, చేతికి కష్టం. నాలుగు పాదాలు. మొదటి మూడింట్లో పాదానికి 14 మాత్రలు, 3-4-3-4 చొప్పున విరుగుతాయి. నాలుగోది కురచ, 3-4-3 అయ్యాక ఒక్క గురువుతో, అంటే రెండు మాత్రల అక్షరంతో, ఆగిపోతుంది, 12 మాత్రలు. తాళం వేసేవాళ్ల భాషలో మిశ్రచాపు: తకిట తకధిమి, తకిట తకధిమి. పాతవాళ్ల వృషభగతి రగడ అనే ఛందస్సులో ఒక పాదం 28 మాత్రలు, దాన్ని రెండుగా విరిస్తే ఇదే నడక. కొత్త సంగతి కొలతలో కంటే ఆ కొలతలో వాడుక మాట ఇమడ్డంలో ఉంది.

పిల్లలకి ఇది నేర్పేటప్పుడు పుస్తకం తెరిచేవారు కాదు, బల్ల మీద దరువు వేసేవారు. ఉదాహరణకి ఇలా:

ఏటి గట్టున ఇసుక గూడులు
కట్టి ఆడిన చిన్న పిల్లలు
వాన వస్తే పరుగు తీస్తూ
ఇంటికొచ్చిరి నవ్వుతూ

పొట్టి అక్షరం ఒక మాత్ర, దీర్ఘమైతే రెండు, సున్నా ఉన్నా రెండు, తర్వాత ఒత్తక్షరం వచ్చినా ముందుది రెండు. ఏటి: మూడు. గట్టున: నాలుగు. ఇసుక: మూడు. గూడులు: నాలుగు. ఇప్పుడు రెండో పాదంలో 'చిన్న పిల్లలు' తీసి 'చిన్నారి పిల్లలు' అని పెట్టి చూడండి. చిన్నారి అయిదు మాత్రలు. అర్థం ముద్దుగానే ఉంది, దరువు మాత్రం కుంటుతుంది. పద్యం పాడయ్యేది ఎక్కువగా ఇలాంటి ముద్దు మాటల దగ్గరే. ఇంకో చోట కొత్తవాళ్లు పొరబడతారు. మాట చివర పొట్టి అక్షరం ఉండి, పక్క మాట ఒత్తక్షరంతో మొదలైతే దాన్ని కూడా గురువుగా లెక్కేసేస్తారు. రెండూ విడివిడి మాటలైతే అది లఘువే. సంస్కృత సమాసంలో కలిసిపోతేనే గురువు. ఈ తేడా తెలియక మంచి పాదాల్ని చెడగొట్టుకున్నవాళ్లు బోలెడుమంది.

ఇక మాత్రలు చాలనప్పుడు 'ఆ', 'ఓ', 'కదా', 'మరి' కూరడం. వ్యర్థపదం అంటే ఇదే. ఒక సాధన ఉండేది. రాసిన పద్యంలో ఏ మాట తీసేసినా అర్థం చెడకపోతే ఆ మాట కింద గీత. నాలుగు పాదాలకి రెండు గీతలు దాటితే పద్యాన్ని సవరించరు, మళ్లీ మొదటినించి రాస్తారు.

గురజాడ పాటగా రాసిన పూర్ణమ్మ కథ గురించి పండితులు చాలా రాశారు. పిల్లల నవలలు రాసేవాళ్లు దాన్ని చదివే తీరు వేరు. అందులో ముఖ్యపాత్ర ఇంకా ఎదిగీ ఎదగని పిల్ల. ఆ పిల్ల చావుని కవి ఎక్కడా అరిచి చెప్పడు. పూలూ, గుడీ, అన్నదమ్ములకి చెప్పిన అప్పగింతలూ, అంతే. పెద్దవాళ్ల తప్పుని పిల్ల కళ్లతో చూపించి, తీర్పు చెప్పకుండా ఊరుకోవడం మన వైపు అక్కడే మొదలైంది. వచనంలో ఆ పని చాసో, అంటే చాగంటి సోమయాజులు, చేశారు. 1915లో శ్రీకాకుళంలో పుట్టి విజయనగరానికి దత్తతొచ్చిన మనిషి, మొదట కవిత్వమే రాశారు. చదువు ఆగిపోయిన పిల్లాడి మీద ఆయన రాసిన 'ఎందుకు పారేస్తాను నాన్నా' కొన్ని పేజీల కథ. నవల రాయబోయేవాళ్లు దాన్ని పెన్సిలు పట్టుకుని చదివేవారు, పిల్లాడి మనసు గురించి నేరుగా చెప్పిన వాక్యాలెన్ని, పిల్లాడు చేసిన పనులెన్ని అని. పనులే ఎక్కువ. ఏడుపు కంటే ఏడుపు ఆపుకోడం ఎక్కువ చోటు తీసుకుంటుంది.

చెవికి తిండి మాత్రం పుస్తకాల్లో దొరకదు. దానికి సంబరాలకి వెళ్లాలి. అమ్మవారి పండగని మన వైపు సంబరం అంటాం, ఆ మాటలోనే సగం కవిత్వం ఉంది. తప్పెటగుళ్లు వేసేవాళ్లు గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో, గెంతుతూ, ఒకరి మీద ఒకరు ఎక్కుతూ కూడా దెబ్బ తప్పనివ్వరు. పాట ఆగినా దెబ్బ నడుస్తుంది. పిల్లల నవల్లో తరుముకొచ్చే ఘట్టం రాయాలంటే ఆ దెబ్బ తెలియాలి: నాలుగు మాటల వాక్యం, మళ్లీ నాలుగు మాటలు, ఒక్కటే పొడుగు వాక్యం, మళ్లీ కురచ. జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథది ఇంకో పాఠం. కథకుడు అన్నదాన్ని పక్కవాడు అందుకుంటాడు, ప్రశ్న వేస్తాడు, ఎగతాళి చేస్తాడు. పిల్లల నవల్లో హీరో పక్కన ఎప్పుడూ వాగే నేస్తం ఎందుకుండాలంటే అందుకే. ఆ నేస్తం వినేవాళ్ల తరఫు మనిషి.

అన్నిటికంటే పెద్ద బడి హరికథ. అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు విజయనగరం సంగీత కళాశాలకి 1919లో మొదటి అధ్యక్షుడు. ఆయన కట్టిన హరికథల్లో పాట ఎక్కడ ఆగి వచనం అందుకుంటుందో చూస్తే నవలకి అధ్యాయం ఎలా కట్టాలో తెలుస్తుంది. పాట మనసుని నిలబెడుతుంది, వచనం కథని తోస్తుంది. రెండూ ఒకే చోట చెయ్యబోతే రెండూ చెడతాయి. మధ్యలో పిట్టకథ. దాని కొలత కూడా చెవికి తెలియాలి. జనం నవ్వి, సర్దుకుని కూర్చునేంతసేపు. నవల్లో అయితే అరఠావులో సగం. ఒక కాగితం దాటితే పిల్లలు అసలు కథ మర్చిపోతారు.

కవి నవల రాస్తే వచ్చే జబ్బులు రెండు. మొదటిది తెల్లవారడం. ప్రతి అధ్యాయం సూర్యోదయంతో మొదలవుతుంది. నాగావళి మీద ఎర్రటి వెలుగు, కొంగల బారు, తాటిచెట్ల నీడ. అందంగానే ఉంటుంది, మూడో అధ్యాయానికి పదమూడేళ్ల పిల్ల పుస్తకం మూసేస్తుంది. దీనికి మందు: ఎవరో ఒకరు ఏదో పని చేస్తుండగా తప్ప ప్రకృతిని రాయకూడదు. ఏరు రాయాలంటే ఎవరైనా దాటాలి. వాన రాయాలంటే ఎవరి పుస్తకాలో తడవాలి. రెండో జబ్బు కనిపెట్టడం కష్టం. చెవికి 3-4 అలవాటైపోయాక వచనం కూడా తనంతట తనే ఆ దరువులో పడిపోతుంది. వరసగా మూడు వాక్యాలు 'తకిట తకధిమి' అన్నాయంటే వచనం పాడుతోందన్నమాట. చదివేవాడికి ఎందుకో నిద్ర వస్తుంది. పైకి చదివితే దొరుకుతుంది. దొరికిన చోట ఒక మాట మార్చి విరగ్గొట్టాలి. తెలిసి చేసిన దరువు వేరు, తెలియకుండా పట్టిన దరువు వేరు.

ఇక యాస. దీని మీద విజయనగరం, శ్రీకాకుళం రచయితలు పడ్డ తగువులు ఇన్నీ అన్నీ కావు. గిడుగు రామమూర్తి పంతులు పుట్టింది మన పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. వాడుకభాష కోసం పోరాడిన మనిషి, సవర గిరిజనుల మాట విని, పలుకు పలుకూ రాసుకుని వాళ్ల భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసిన మనిషి. ఆయన పుట్టిన చోట పుట్టి యాస రాయడానికి సిగ్గుపడితే బాగోదు. అలాగని విన్నదంతా విన్నట్టు దించేస్తే గుంటూరు పిల్లాడు రెండో పేజీలోనే ఆగిపోతాడు.

అనుభవజ్ఞులు తేల్చుకున్న పద్ధతి ఇది. కథ చెప్పే గొంతు మామూలు వాడుక తెలుగు, మాటలాడే గొంతు యాస. యాసలో కూడా క్రియ చివర్లు వదలకూడదు: ఒచ్చీసినాడు, ఎల్లిపోనాడు, తినీసినాను. మన పలుకు ప్రాణం అక్కడుంది. చెప్పుని 'సెప్పు' అనడం, చేనుని 'సేను' అనడం అందరి నోటా పెట్టకూడదు, ముసలివాళ్లకో, ఒకరిద్దరు పాత్రలకో చాలు. 'నేను' బదులు 'నాను' పొదుపుగా. గెడ్డ, తోవ, కల్లం, చోళ్లు, జీడిపిక్కలు, లగెత్తడం, గుంటడు లాంటి మాటలు కథ చెప్పే గొంతులోనే రావచ్చు. అర్థం పక్క వాక్యంలో తెలిసేలా రాస్తే చాలు, బ్రాకెట్లో అర్థం ఇస్తే కథ బడిపుస్తకం అయిపోతుంది. గెడ్డ అంటే ఏంటో చెప్పక్కర్లేదు, గుంటడు అందులో మోకాటి లోతు దిగి చేపలు పడుతుంటే ఎవరికైనా తెలుస్తుంది.

'ఏటి' అనే మాట తంటా ప్రత్యేకం. 'ఏటి బావూ' అంటే మనకి ఏమిటి అని. రాజధాని పత్రికల్లో దిద్దేవాళ్లకి అది ఏరుకి సంబంధించింది. 'ఏటి ఒడ్డున ఏటి చేస్తన్నావు' అని రాస్తే రెండోదాన్ని కచ్చితంగా 'ఏమి' అని దిద్దేవారు. అందుకని అలాంటి వాక్యాల పక్క మార్జిన్లో చిన్న టిక్కు పెట్టి, మొదటి కాగితం మీద 'టిక్కు ఉన్నచోట దిద్దవద్దు, మాండలికం' అని రాసి పంపేవారు. సగం సార్లు పనిచేసేది.

పేర్ల సంగతి చెప్పకపోతే లోటు. మన ఊళ్లలో పేరు వింటే ఏ దేవుడి నీడన పుట్టాడో తెలుస్తుంది. పైడిరాజు, పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి. అప్పలనాయుడు, అప్పలకొండ, సింహాచలం అంటే అప్పన్న. సూరి అంటే అరసవల్లి, కూర్మారావు అంటే శ్రీకూర్మం. నవలకి ఇది వరం, ఒక్క పేరుతో ఊరు తెలిసిపోతుంది. గోతి కూడా ఇక్కడే ఉంది. అప్పలరాజు, అప్పలస్వామి, అప్పలకొండ ముగ్గురూ ఒకే నవల్లో ఉంటే పిల్లలకి ఎవరు ఎవరో తెలీదు. నిజంగా ఒక వీధిలో ముగ్గురుంటారు, నవల్లో కుదరదు. ఒక అక్షరంతో ఒక్క పాత్రే అని నియమం పెట్టుకుని చివరి అట్ట లోపల పట్టీ రాసుకునేవారు.

ఆ పట్టీ కిందే నెలల పట్టీ. ఎదుగుతున్న పిల్లలు చదివే నవల్లో తప్పు దొర్లితే వాళ్లు ఊరుకోరు, ఉత్తరం రాస్తారు. ముంజెలు ఏప్రిల్, మే. దసరా సెలవుల్లో ముంజెలు తినిపిస్తే నవల పోయినట్టే. పలాస వైపు జీడిపళ్లు వేసవి మొదలు. నాగావళి, వంశధార పొంగేది వానాకాలంలో, ఎగువన ఒడిశా కొండల్లో కురిస్తే ఇక్కడ ఎండ కాస్తున్నా ఏరు పొంగొచ్చు. ఈ ఒక్క సంగతితో మంచి ఘట్టం కట్టొచ్చు: ఆకాశం నిర్మలంగా ఉంది, పిల్లలు ఇసకలో ఆడుతున్నారు, నీరు రంగు మారింది. తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సెప్టెంబరు తర్వాత వచ్చి వేసవి మొదలయ్యేసరికి వెళ్లిపోతాయి, మే నెలలో పక్షుల్ని చూపించకూడదు. అరసవల్లిలో సూర్యకిరణాలు మూలవిరాట్టు మీద పడేది మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదట్లో.

విజయనగరం పైడితల్లి సిరిమాను సంబరం దసరా వెళ్లాక వచ్చే మంగళవారం. మానుకి చింతచెట్టు, పొడవు యాభై అడుగులు పైమాట, చివర ఆసనంలో పూజారి, మూడు లాంతర్లు అనే చోటున్న గుడి నించి కోట దాకా మూడుసార్లు. తెల్లవారుజామున సిరిమాను తిరిగినట్టు రాస్తే విజయనగరంలో పుట్టిన పసివాడు కూడా నవ్వుతాడు, అది మధ్యాహ్నం దాటాక. జనంలో పిల్ల తప్పిపోయే ఘట్టానికి ఇంతకంటే మంచి చోటు లేదు. అయితే అందరూ అదే రాసేస్తారు. మెడ ఎత్తి పైకి చూస్తున్న జనం కిందకి చూడరన్న ఒక్క సంగతి పట్టుకుంటే చాలు, మిగిలిన వర్ణన అక్కర్లేదు.

దూరాలూ అంతే. పిల్లలు నడిస్తే గంటకి నాలుగు కిలోమీటర్లు, సైకిలు మీద పది, పన్నెండు. ఆమదాలవలసలో దిగితే శ్రీకాకుళం ఊళ్లోకి ఇంకా పదమూడు కిలోమీటర్లుంది. శ్రీకాకుళం రోడ్డు అన్న స్టేషను పేరు చూసి హీరోని రైలు దింపి రెండు వాక్యాల్లో ఏడురోడ్ల కూడలికి చేర్చేసిన కథలు వచ్చాయి. అమావాస్య రాత్రి తర్వాత మూడు రోజుల్లో పున్నమి వచ్చిన కథలూ వచ్చాయి. తప్పించుకునే దారి ఒకటే. ఏ సంవత్సరమో అనుకుని ఆ ఏటి పంచాంగం పక్కన పెట్టుకోడం.

హీరో వయసు చదివేవాళ్ల కంటే ఏడాదో రెండేళ్లో ఎక్కువ ఉండాలి. పన్నెండేళ్లవాడు పద్నాలుగేళ్లవాడి గురించి చదువుతాడు, పదేళ్లవాడి గురించి చదవడు. అమ్మానాన్నల్ని కథలోంచి కాసేపు పక్కకి తప్పించాలి, లేకపోతే పిల్లలకి సాహసం ఏముంటుంది? వేరే చోట రచయితలు ఇందుకు బోలెడు ఎత్తులు వెయ్యాలి. మన జిల్లాల్లో ఎత్తు అక్కర్లేదు. నాన్న వలస వెళ్తాడు, అమ్మ కూడా వెళ్తుంది, పిల్లలు తాతమ్మ దగ్గర ఉంటారు. ఎన్నో ఇళ్లలో ఉన్నదే. అందుకే ఇక్కడి పిల్లల నవల్లో సాహసం కింద ఒక దిగులు పారుతూ ఉంటుంది. దాన్ని పనిగట్టుకుని పైకి లాగితే నవల ఏడుపుగొట్టుదవుతుంది, వదిలేస్తే దానంతట అది వినపడుతుంది.

ఉత్కంఠ ఎలా నిలపాలో నేర్పింది చందమామే. 1954లో మొదలైన దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు, ఎన్నో ఏళ్లపాటు రచయిత పేరే లేకుండా, చిత్రకారుడు చిత్రా బొమ్మలతో. ప్రతి నెలా ఆఖరి వాక్యం దగ్గర ఎవరో ఒకరు ప్రమాదం అంచున. కానీ అది నెల ఆగి చదివేవాళ్ల కోసం కట్టిన కట్టడం. అదే పద్ధతిలో పుస్తకానికి పన్నెండు అధ్యాయాలూ పన్నెండు ప్రమాదాలతో ముగిస్తే, ఒక్క మధ్యాహ్నంలో చదివే పిల్లకి నాలుగోదానికల్లా మోసం తెలిసిపోతుంది. రెండు అధ్యాయాలు ప్రమాదంతో, ఒకటి ప్రశ్నతో, ఒకటి నవ్వుతో ముగియాలి. పద్యంలో నాలుగో పాదం కురచగా ఆగినట్టే.

నవల్లో పాట పెట్టాలని కవికి చెయ్యి దురద పెడుతుంది. మూడు నాలుగు అధ్యాయాలకి ఒకటి, నాలుగు పాదాలు మించకుండా, కథలో ఎవరో ఒకరు పాడగలిగేది అయితే పెట్టొచ్చు. ఎనిమిది పాదాలు దాటితే పిల్లల కన్ను దాన్ని దాటుకుని కిందికి వెళ్లిపోతుంది. పాటలో కథకి అవసరమైన ఆచూకీ ఏదైనా దాస్తే మళ్లీ వెనక్కొచ్చి చదువుతారు. ఇది కొంచెం మోసమే, మంచి మోసం.

పరీక్ష మాత్రం పిల్లల ముందే. సాపు ప్రతి రాయకముందు బళ్లోనో, అరుగు మీదో చదివి వినిపించడం. చదువుతూ తల ఎత్తకూడదు, పక్కన ఇంకెవరినైనా కూర్చోబెట్టి, పిల్లలు ఎక్కడ కిటికీ వైపు చూశారో అక్కడ మార్జిన్లో పెన్సిలు గీత పెట్టమనాలి. బాగుందా అని అడగకూడదు, మాస్టారు అడిగితే ఏ పిల్లాడైనా బాగుందనే అంటాడు. మర్నాడు కథ చెప్పమనాలి. వాళ్లు చెప్పకుండా దాటేసినదే కొట్టెయ్యాల్సింది. చాలాసార్లు అది రచయితకి ప్రాణమైన పేరా అయి ఉంటుంది, తెల్లవారడమే అయి ఉంటుంది.

పత్రికకి పంపితే తిరుగు టపాకి స్టాంపులంటించిన కవరు జత చెయ్యాల్సి వచ్చేది. ప్యాకెట్టు లోపల పాలిథీన్, పైన మందం కాగితం. వానాకాలం సంచిలో తడిస్తే ఇంకు ప్రతి నీలిమందు అయిపోతుంది. తిరిగొచ్చిన రాతప్రతిని అలాగే ఇంకో చోటికి పంపకూడదు. మొదటి కాగితం, చివరి కాగితం నలిగి ఉంటాయి, వాటిని మళ్లీ రాయాలి. తిరస్కరించిన వాసన సంపాదకుడికి ఎందుకు?

సొంతంగా అచ్చేస్తే కథ ఇంకొకటి. చిన్న ప్రెస్సుల్లో సీసపు అక్షరాలు ఒక ఫారానికి సరిపడా ఉండేవి, రెండో ఫారానికి చాలవు. మొదటి ఫారం అచ్చయి, అక్షరాలు విడదీసి మళ్లీ గళ్లలో వేస్తేగాని రెండోది కట్టలేరు. అందుకని ప్రూఫు రెండురోజులు ఆలస్యం చేస్తే ప్రెస్సు మొత్తం ఆగుతుంది. తెలుగు అచ్చుకి ఒత్తులు పెద్ద గండం. ఒకే పేజీలో 'అప్పల' అన్న మాట ముప్పై సార్లు వస్తే ప ఒత్తు అయిపోతుంది. కంపోజిటరు వచ్చి "పేరు మార్చండి బాబూ" అనేవాడు, వెటకారానికి కాదు. ప, ఫ, ష ఒకదాని బదులు ఒకటి పడతాయి, మ, య కూడా. పేజీలు కట్టకముందు తీసే గాలీ ప్రూఫుని అర్థం చూసుకుంటూ చదివితే ఒక్క తప్పూ దొరకదు. కింద వరస నించి పైకి చదవాలి.

బొమ్మలకి గీతల బొమ్మే మేలు, జింకు బ్లాకు శుభ్రంగా వచ్చేది. నీడలు వేసిన బొమ్మకి చుక్కల బ్లాకు కావాల్సి వచ్చేది, ఖర్చు ఎక్కువ, నాసిరకం కాగితం మీద మసి పూసినట్టు పడేది. అన్నీ అయ్యాక పేజీలు 98 తేలితే? రెండు పేజీల కోసం ఇంకో ఫారం వెయ్యరు. అక్కడ పనికొచ్చేది మాత్రలు లెక్కపెట్టిన చెవి. ఒక పేరా చివర ఒంటిగా మిగిలిన మాట లాగేస్తే ఒక వరస మిగులుతుంది. పాతిక పేరాల్లో అలా లాగితే ఒక పేజీ. అర్థం చెడకుండా యాభై చోట్ల ఒక్కొక్క మాట తియ్యడం వచనం మాత్రమే రాసేవాళ్లకి నరకం. పద్యం రాసినవాళ్లకి అది సాయంత్రం పని.

పత్రికల్లో వచ్చినవాటి సంగతికొస్తే, కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం అనే కథల గ్రంథాలయం తెరిచాక పాత సంచికలకి ఒక ఇల్లు దొరికింది. నవలల రాతప్రతులకి ఆ అదృష్టం లేదు. ఒక వైపే రాసిన కాగితం కదా, రెండో వైపు తెల్లగా ఉంటుంది. తిరిగొచ్చిన కట్టలూ, కొట్టేసిన చిత్తు ప్రతులూ ఇంట్లో పిల్లలకి రఫ్ కాగితాలయ్యేవి. ఇప్పటికీ మన వైపు పాత ట్రంకుపెట్టెల్లో అలాంటివి దొరుకుతాయి. ముందు వైపు వంశధార దాటుతున్న గుంటడు, వెనక వైపు భిన్నాల కూడిక, లెక్క తప్పినచోట ఎర్ర ఇంకుతో అడ్డగీత. ఆ గీత ఇంకు అవతలికి దిగి, గుంటడు నీళ్లలోకి కాలు పెట్టిన వాక్యం మీద పడి ఉంటుంది.